కాంతికి లేని బరువు డబ్ల్యూ కణానికి ఎక్కడిది?

మా బోరంచలో మంజీర ఒడ్డున ఒక గుంజను నిట్టనిలువుగా పాతి, పొద్దుటి నుంచి దాని నీడను గమనించండి. నీడ అన్నిటికన్నా పొట్టిగా అయ్యే వేళకు చేతిగడియారంలో 12 దాటి ఇంచుమించు 19 నిమిషాలై ఉంటుంది. నెలను బట్టి ఇది కొంత ముందూ వెనకా అవుతుంది. 19 అనేది ఏడాది మొత్తానికి సగటు. ఇందులో గడియారం తప్పేమీ లేదు, సూర్యుడి ఆలస్యమూ లేదు. దేశమంతటికీ ఒకే కాలం ఉండాలని 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని మనం ప్రమాణంగా పెట్టుకున్నాం. ఆ రేఖ కాకినాడకు దగ్గరగా పోతుంది. అక్కడి నుంచి పడమటికి వచ్చేకొద్దీ డిగ్రీకి 4 నిమిషాల చొప్పున మధ్యాహ్నం వెనకబడుతుంది. అంతే.

ఈ ఏర్పాటు 1906 జనవరి 1 నుంచి వచ్చింది. అంతకు ముందు మద్రాసుకు ఒక కాలం, బొంబాయికి ఒక కాలం, కలకత్తాకు ఒక కాలం ఉండేవి. రైళ్లు మద్రాసు కాలం ప్రకారం నడిచేవి. కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా తమ పాత కాలాన్ని వదల్లేదు. అయినా ఎవరి రైలూ తప్పిపోలేదు. రెండు ఊళ్ల గడియారాలకు తేడా ఎంతో తెలిస్తే చాలు, పని జరిగిపోతుంది.

ఈ గడియారాల గోలకూ కణాల బరువుకూ ఏం సంబంధమని మీరు అడగవచ్చు. చాలా ఉంది. ఇరవయ్యో శతాబ్దపు భౌతికశాస్త్రంలో ఒక పెద్ద చిక్కు, దాని పరిష్కారం రెండూ ఈ గడియారాలతోనే చెప్పవచ్చు. (వాడుక ప్రకారం బరువు అంటున్నాను గాని సరైన మాట ద్రవ్యరాశి. పరీక్షలో మాత్రం బరువని రాయకండి.)

ఇష్టమొచ్చిన పలక

బోరంచ, నారాయణఖేడ్, జహీరాబాదు, జోగిపేట అనే నాలుగు ఊళ్లను తీసుకుందాం. ఒక్కో ఊళ్లో ఒక్కో గడియారం ఉంది. దానికి ఒకే ముల్లు. పలక మీద 12 అంకెను ఎక్కడ రాసుకోవాలన్నది ఆ ఊరి వాళ్ల ఇష్టం. అయితే బాటసారులకు ఇబ్బంది కలగకుండా ప్రతి రెండు పక్క ఊళ్ల మధ్యా ఒక పట్టిక పెట్టారు. "బోరంచ నుంచి ఖేడ్‌కు పోయేవారు 10 కలుపుకోవాలి. ఖేడ్ నుంచి జహీరాబాదుకు పోయేవారు 5 తీసివేసుకోవాలి." ఇలాగన్నమాట.

ఒకనాడు బోరంచ వాళ్లు తమ పలకను 7 నిమిషాల మేర తిప్పేశారనుకోండి. అప్పుడు బోరంచ పేరున్న పట్టికలన్నీ ఆ మేరకు దిద్దుకోవాలి. దిద్దుకుంటే ఏ బాటసారికీ ఏ నష్టమూ ఉండదు. కనుక పట్టికలో కనిపించే "10" అన్న ఒంటరి అంకెకు సొంతంగా అర్థం లేదు. బోరంచ పలక తిప్పితే అది 3 కావచ్చు, 17 కావచ్చు, సున్నా కూడా కావచ్చు.

మరి అర్థం ఉన్నదేమిటి? బోరంచలో బయలుదేరి ఖేడ్, జహీరాబాదు, జోగిపేటల మీదుగా ఒక చుట్టు చుట్టి మళ్లీ బోరంచకు వచ్చి, దారిలో పట్టికలు చెప్పిన కూడికలూ తీసివేతలూ అన్నీ కలిపి చూడండి. ఏ ఊరు తన పలకను ఎంత తిప్పినా ఈ మొత్తం మారదు. ఎందుకంటే, ఊళ్లోకి వచ్చేటప్పుడు 7 కలిస్తే, ఊరు దాటేటప్పుడు అదే 7 పోతుంది. కాగితం మీద వేసి చూసుకోండి, వెంటనే తెలుస్తుంది.

పలకలు ఎవరు ఎలా తిప్పుకున్నా అసలు సంగతి మారకపోవడాన్ని శాస్త్రజ్ఞులు గేజి సౌష్ఠవం అంటారు. గేజి అనే మాట మీకు కొత్తదేమీ కాదు. మీటర్ గేజి, బ్రాడ్ గేజి అని రైలు పట్టాల విషయంలో అంటాం గదా. గేజి అంటే కొలత, కొలబద్ద. 1918లో హెర్మన్ వైల్ అనే జర్మన్ గణితజ్ఞుడు ఈ భావాన్ని మొదట పొడవులను కొలిచే బద్దలకు వర్తింపజేశాడు. అది కుదరలేదు. 1929లో ఆయనే దాన్ని మరోచోట ప్రయోగించాడు. ఈసారి సరిగ్గా అతికింది. పేరు మాత్రం పాతదే నిలిచిపోయింది.

ఎలక్ట్రాను చేతిలో ముల్లు

ఆ మరోచోటు ఎలక్ట్రాను. క్వాంటం సిద్ధాంతం ప్రకారం ఎలక్ట్రాను ఒక అల కూడా. అలకు ఎత్తుపల్లాలుంటాయి; ఒక చోట ఒక క్షణాన అది ఏ స్థితిలో ఉందో చెప్పడానికి దశ అనే మాట వాడతాం. దశను గడియారపు ముల్లులా ఊహించుకోవచ్చు: ఒక అల పూర్తయితే ముల్లు ఒక చుట్టు తిరిగినట్టు. ముల్లు 12 మీద ఉందా 3 మీద ఉందా అన్నది మనం పలకను ఎలా పెట్టామన్న దాన్ని బట్టి ఉంటుంది. ప్రకృతి పలక మీద అంకెలు రాయలేదు. ఊరికొక పలక కాదు, ఆకాశంలోని ప్రతి బిందువుకూ ఒక పలక. దేనికది ఇష్టం వచ్చినట్టు తిప్పుకోవచ్చు. అలా తిప్పినా భౌతిక నియమాలు మారకూడదంటే, బిందువుకూ బిందువుకూ మధ్య ఒక పట్టిక తప్పనిసరి.

ఆ పట్టిక ఏమిటో తెలుసా? విద్యుదయస్కాంత క్షేత్రం! విద్యుత్తు, అయస్కాంతం, కాంతి, ఖేడ్ బస్టాండులో పాట పాడే రేడియో తరంగం, ఇవన్నీ ఆ పట్టికలో రేగే అలలే. నాకు తెలిసినంతలో భౌతికశాస్త్రంలో ఇంతకంటే అందమైన మాట లేదు. పలక తిప్పుకునే స్వేచ్ఛ ఉండాలని పట్టుబట్టామో లేదో, కాంతి తప్పనిసరిగా వచ్చి కూర్చుంది.

ఊళ్ల గడియారాల విషయంలో చుట్టు తిరిగి వస్తే మొత్తం ఎప్పుడూ సున్నాయే వస్తుంది. ప్రకృతి పట్టికలో అలా కాదు. ఎలక్ట్రాను తిరిగే చుట్టు మధ్యలోంచి అయస్కాంత క్షేత్రం పోతూ ఉంటే మొత్తం సున్నా కాదు. ఎలక్ట్రాను ఆ క్షేత్రాన్ని తాకకుండా చుట్టూ తిరిగివచ్చినా దాని ముల్లు పక్కకు జరిగి ఉంటుందని 1959లో అహరొనోవ్, బోమ్ అనే ఇద్దరు చెప్పారు. 1986లో జపానులో అకిర తొనొమురా బృందం చిన్న అయస్కాంతపు ఉంగరాలతో ప్రయోగం చేసి, ముల్లు నిజంగానే జరుగుతుందని అనుమానం లేకుండా చూపింది.

బరువు ఎందుకు కుదరదు?

ఇక అసలు చిక్కులోకి వద్దాం.

క్వాంటం సిద్ధాంతంలో కణమంటే క్షేత్రంలో రేగే అల. కాంతి అలకు సంబంధించిన కణం పేరు ఫోటాన్. ఆ కణానికి ద్రవ్యరాశి ఉందంటే అర్థం: అల ఎంత నెమ్మదిగా, ఎంత బారుగా సాగినా, దాన్ని పుట్టించడానికి కొంత కనీస శక్తి చెల్లించి తీరాలి. అంతకు తక్కువైతే అల పుట్టదు. బస్సులో కనీస చార్జీ ఉంటుంది చూడండి, అలాగ. ఐన్‌స్టైన్ సూత్రం చెప్పేది ఈ కనీస చార్జీ ఎంతో.

పట్టికలో అల రేపడానికి అయ్యే శక్తి దేన్ని బట్టి ఉండాలి? అర్థం ఉన్నదాన్ని బట్టి, అంటే చుట్టు తిరిగితే వచ్చే మొత్తాన్ని బట్టి మాత్రమే ఉండాలి. అల చాలా బారుగా ఉంటే పక్కపక్క పట్టికల అంకెలన్నీ దాదాపు ఒకేలా మారతాయి. చిన్న చుట్టు తిరిగితే మొత్తం దాదాపు సున్నా. ఖర్చు కూడా దాదాపు సున్నా. కనీస చార్జీ లేదు. కనుక ఫోటాన్‌కు ద్రవ్యరాశి లేదు.

కనీస చార్జీ రావాలంటే ప్రతి పట్టికలోని ఒంటరి అంకె మీద పన్ను వేయాలి: "10 అని ఉందా? అయితే ఇంత చెల్లించు" అని. కాని పలక తిప్పితే 10 కాస్తా సున్నా అవుతుందని చూశాం. అప్పుడు పన్ను ఎగిరిపోతుంది. పలక తిప్పినంత మాత్రాన మారిపోయేది ప్రకృతి నియమం కాలేదు. కనుక గేజి సౌష్ఠవం ఉన్నచోట దూతకణానికి బరువు నిషిద్ధం.

విద్యుదయస్కాంత బలానికి ఈ నిషేధం చక్కగా సరిపోయింది. దూతకు బరువు లేదు కాబట్టే ఆ బలం ఎంత దూరమైనా పోతుంది. భూమి అయస్కాంతత్వం భూగర్భంలో వేల కిలోమీటర్ల లోతున పుట్టి మన బడిలోని దిక్సూచి ముల్లును కదిలిస్తుంది. కొలిచి చూసిన వారి లెక్క ప్రకారం ఫోటాన్‌కు ఒకవేళ ద్రవ్యరాశి అంటూ ఉన్నా, ఎలక్ట్రాను ద్రవ్యరాశిని 1 పక్కన 23 సున్నాలు పెట్టిన సంఖ్యతో భాగిస్తే వచ్చేదానికన్నా అది తక్కువే.

1954లో యాంగ్, మిల్స్ అనే ఇద్దరు ఈ పలకల ఆటను విస్తరించారు. ఒకే ముల్లు ఒకే పలక మీద తిరిగే బదులు, గోళం మీద ఎటైనా తిరగగల ముల్లును ఊహించి, దానికి తగిన పట్టికలు రాశారు. కేంద్రకంలోని బలాలు ఇలాంటివేమోనని వారి ఆశ. ఆ ఏడాది ప్రిన్స్‌టన్‌లో యాంగ్ ఉపన్యాసం మొదలుపెట్టగానే ముందు వరసలో కూర్చున్న పౌలీ, ఈ క్షేత్రపు ద్రవ్యరాశి ఎంత అని అడిగాడు. యాంగ్ నసిగాడు. పౌలీ మళ్లీ అదే అడిగాడు. యాంగ్‌కు ఏం చెప్పాలో తోచక ఉపన్యాసం ఆపి కూర్చున్నాడు. ఓపెన్‌హైమర్ కలగజేసుకుని సాగించమంటే గాని లేవలేదు. పౌలీ ఏదో ఏడిపించడానికి అడిగిన ప్రశ్న కాదది. అంతకు ముందే ఆయన కూడా ఇలాంటి సిద్ధాంతాన్ని తయారుచేసి, ఈ ద్రవ్యరాశి దగ్గరే ఆగిపోయినవాడు.

బలహీన బలం, కోలారు గని

ద్రవ్యరాశి లేకపోతే ఏం మునిగింది? కేంద్రకాల్లో మరొక బలం ఉంది, దాని పేరే బలహీన బలం. న్యూట్రాను ప్రోటానుగా మారడం, ప్రోటాను న్యూట్రానుగా మారడం దీని పని. సూర్యుడిలో హైడ్రోజను మండి హీలియం కావడానికి మొదటి మెట్టు ఇదే. ఈ బలం ఎంత మందకొడిదంటే, సూర్యగర్భంలో ఒక ప్రోటాను ఈ మెట్టు ఎక్కడానికి సగటున వందల కోట్ల సంవత్సరాలు కాచుకోవాలి. అందుకే సూర్యుడు 460 కోట్ల సంవత్సరాలుగా నిదానంగా వెలుగుతున్నాడు. అది బలమైన బలమే అయివుంటే సూర్యుడు ఎప్పుడో భగ్గున మండి ఆరిపోయేవాడు; జొన్నలూ లేవు, మనమూ లేము.

బలహీనత ఎంతో కళ్లారా చూడాలంటే కోలారు బంగారు గనులకు పోవాలి. కర్ణాటకలో, మన చిత్తూరు జిల్లా పొలిమేరకు దగ్గరగా ఉన్న ఊరది. తెలుగు మాట్లాడే కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. ఆ గనిలో 2.3 కిలోమీటర్ల లోతున టాటా మౌలిక పరిశోధన సంస్థవారు, ఇంగ్లండులోని డరహం, జపానులోని ఒసాకా విశ్వవిద్యాలయాలవారితో కలిసి పరికరాలు పెట్టారు. వారు వెతికింది న్యూట్రినోల కోసం. విద్యుదావేశం లేని న్యూట్రినోకు ఈ బలహీన బలం తప్ప చెప్పుకోదగిన చుట్టరికం వేరే లేదు. సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోలు మీ బొటనవేలి గోరంత చోటులోంచి సెకనుకు కొన్ని వేల కోట్లు దూసుకుపోతున్నాయి. మీకు చక్కిలిగింత కూడా లేదు!

కోలారులో వెతికినవి ఇంకో రకం. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలు గాలిని ఢీకొట్టినప్పుడు పుట్టేవి. నేల మీద అయితే మిగతా విశ్వకిరణాల రొదలో ఇవి వినబడవు. అంత లోతుకు పోతే పైనున్న రాయి ఆ రొదను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. పరికరాలను గోడల్లా నిలువుగా పెట్టి, అడ్డంగా వచ్చే జాడల కోసం కాచుకున్నారు. అడ్డంగా రావాలంటే ఎన్నో కిలోమీటర్ల రాతిని దాటాలి; ఆ శక్తి న్యూట్రినోకు తప్ప మరి దేనికీ లేదు. 1965లో జాడలు చిక్కాయి. ఆగస్టులో ఫలితం అచ్చయింది. దక్షిణాఫ్రికాలోని ఒక బంగారు గనిలో రైన్స్ బృందానికి కూడా అదే కాలంలో దొరికాయి. గాలిలో పుట్టిన న్యూట్రినోలను మనిషి పట్టుకోవడం అదే మొదలు. నెలల తరబడి కాచుకుంటే ఒకటి, రెండు, మూడు అని వేళ్ల మీద లెక్కపెట్టే వ్యవహారమది. కోట్లాది న్యూట్రినోలు వచ్చి పోతుంటే ఒకటో రెండో మాత్రమే రాతిని తాకడమే బలహీన బలపు బలహీనత.

ఎందుకింత బలహీనం? ఈ బలం తాకాలంటే రెండు కణాలు ప్రోటాను వెడల్పులో వెయ్యో వంతుకు అటూ ఇటూగా దగ్గరకు రావాలి. దూత ఎంత బరువైతే బలం అంత తక్కువ దూరం పోతుందని 1935లోనే యుకావా చెప్పాడు. కనుక బలహీన బలపు దూత మహా బరువైనది అయివుండాలి. అయితే మిగతా లక్షణాలన్నీ చూస్తే ఇది యాంగ్–మిల్స్ పట్టికలాగే ఉంది. పట్టిక దూతకు బరువు నిషిద్ధం. కాని బరువు కావాలి. పౌలీ ప్రశ్న మళ్లీ ఎదురైంది.

ప్రతి ఊళ్లో ఒక గుంజ

దారి చూపింది అతివాహకాలు. కొన్ని లోహాలను బాగా చల్లబరిస్తే వాటిలో విద్యుత్తు నిరోధం లేకుండా పోతుంది. అలాంటి లోహంలోకి అయస్కాంత క్షేత్రం చొరబడలేదు. పై పొరలో రవ్వంత లోతుకు పోయి ఆగిపోతుంది. అంటే ఆ లోహం లోపల ఫోటాన్ బరువున్నదానిలా ప్రవర్తిస్తోందన్నమాట! ఏ నియమాన్నీ మీరలేదు, అయినా బరువు వచ్చింది. నంబు, ఆండర్సన్ అనే శాస్త్రజ్ఞులు 1960 ప్రాంతాల్లో ఈ సంగతి మీద దృష్టి పెట్టారు. 1964లో మూడు చోట్ల పూర్తి పరిష్కారం దొరికింది: బ్రసెల్స్‌లో ఎంగ్లేర్, బ్రౌట్, ఎడింబరోలో హిగ్స్, లండనులో గురాల్నిక్, హేగన్, కిబుల్.

పరిష్కారమేమిటో మన ఊళ్లలో చూద్దాం. ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ గడియారపు పలక నడుమ ఒక గుంజ పాతారనుకోండి. ఒక నియమిత క్షణాన దాని నీడ ఏ అంకె మీద పడిందో రాసుకున్నారు. బోరంచ పలకను 7 నిమిషాలు తిప్పితే నీడ పడే అంకె కూడా 7 మారుతుంది. పట్టికలోని అంకె కూడా 7 మారుతుంది. ఇప్పుడు ఈ లెక్క చేయండి: ఖేడ్‌లో నీడ అంకె లోంచి బోరంచలో నీడ అంకెను తీసివేసి, అందులోంచి పట్టికలోని అంకెను తీసివేయండి. పలకలు ఎలా తిప్పినా ఈ ఫలితం మారదు! ఊరంతా చుట్టి రానక్కరలేదు. రెండు పక్క ఊళ్లు చాలు. ఇదివరకు అర్థం లేని ఒంటరి అంకెకు గుంజ నీడ తోడై అర్థం వచ్చింది. అర్థం ఉన్నదాని మీద పన్ను వేయవచ్చు. పన్ను పడింది, కనీస చార్జీ వచ్చింది, దూతకు ద్రవ్యరాశి వచ్చింది. పలక తిప్పుకునే స్వేచ్ఛ మాత్రం ఎక్కడా పోలేదు. సౌష్ఠవం "భగ్నమైంది" అని పుస్తకాల్లో రాస్తారు గాని, నన్నడిగితే ఆ మాట కంటే "దాగింది" అనడమే నయం.

ఆ గుంజే హిగ్స్ క్షేత్రం. మామూలు క్షేత్రాలు ఏమీ లేనిచోట సున్నాగా ఉంటాయి. ఇది అలా కాదు. మధ్యలో బొడిపె ఉన్న పళ్లెంలో గోళీ వేస్తే, గోళీ బొడిపె మీద నిలవక చుట్టూ ఉన్న పల్లంలోకి జారి ఏదో ఒకవైపు ఆగుతుంది. హిగ్స్ క్షేత్రమూ సున్నా దగ్గర నిలవదు. శూన్యంలో కూడా ఒక విలువకు జారి కూర్చుంటుంది. గోళీ పల్లంలో ఏ వైపు ఆగిందన్నది నీడ దిక్కు వంటిది. నడుమ నుంచి ఎంత దూరంలో ఆగిందన్నది నీడ పొడవు వంటిది. గోళీ పల్లం గోడ మీదికి ఎక్కుతూ దిగుతూ ఊగితే, అంటే నీడ పొడవు పెరుగుతూ తరుగుతూ ఉంటే, ఆ ఊపే హిగ్స్ కణం.

ఈ కణం సంగతి హిగ్స్ రెండో వ్యాసానికి ఆలస్యంగా చేర్చాడు. మొదట పంపిన పత్రిక ఆ వ్యాసాన్ని తిప్పి పంపింది. దానికి కొంత కలిపి, ఒక కొత్త కణం ఉండాలని రాసి, మరో పత్రికకు పంపాడు. తిప్పి పంపకపోతే ఆ వాక్యం ఉండేది కాదేమో!

1967లో వైన్‌బర్గ్, 1968లో అబ్దుస్ సలాం ఈ ఎత్తును బలహీన బలానికీ విద్యుదయస్కాంతానికీ కలిపి వాడారు. పునాది గ్లాషో 1961లో వేసినదే. నాలుగు రకాల తిప్పుళ్లున్న పలక. దానికి నాలుగు పట్టికలు. గుంజ నీడ మూడింటిని పట్టేసింది. అవే డబ్ల్యూ కణాలు రెండు, జెడ్ కణం ఒకటి. నాలుగో తిప్పుడు ఎలాంటిదంటే, అలా తిప్పితే నీడ అంకె అసలు మారదు. కనుక ఆ పట్టికకు గుంజతో పని లేదు, పన్నూ లేదు. అదే మన ఫోటాన్. కాంతి బరువు లేకుండా మిగిలిపోయింది ఇందుకే.

వైన్‌బర్గ్ వ్యాసం మూడు పేజీలు మించదు. కొన్నేళ్లపాటు దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1971లో టూఫ్ట్ అనే డచ్చి విద్యార్థి, ఈ సిద్ధాంతంతో లెక్కలు వేస్తే అనంతాలు రాకుండా సరైన జవాబులు వస్తాయని నిరూపించాక అందరూ లేచి కూర్చున్నారు. 1983లో జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో డబ్ల్యూ, జెడ్ కణాలు దొరికాయి. డబ్ల్యూ కణం ప్రోటానుకు దాదాపు 86 రెట్లు బరువు. జెడ్ 97 రెట్లు. ఒక మౌలిక కణం ఒక మోస్తరు పరమాణువంత బరువు తూగుతోంది!

హిగ్స్ కణం మాత్రం ఇంకా 29 ఏళ్లు తిప్పలు పెట్టింది. 2012 జూలై 4న సెర్న్‌లోనే అది దొరికినట్టు ప్రకటించారు. ప్రోటానుకు 133 రెట్లు బరువు. దాన్ని పట్టిన యంత్రం 27 కిలోమీటర్ల సొరంగం. అందులో ఒక్కొక్కటి 30 టన్నులు దాటే అయస్కాంతాలను వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబెట్టడానికి వాడిన దాదాపు 7 వేల ఉక్కు జాకీలు మన దేశం నుంచే వెళ్లాయి. మరుసటి ఏడు ఎంగ్లేర్, హిగ్స్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. బ్రౌట్ 2011లోనే పోయాడు.

పాకం కాదు

హిగ్స్ క్షేత్రం బెల్లం పాకం లాంటిదనీ, కణాలు అందులో ఈదుతూ ఇరుక్కుని బరువెక్కుతాయనీ కొందరు రాస్తారు. ఈ పోలిక నాకు నచ్చదు. పాకంలో పడ్డ వస్తువు వేగం తగ్గి చివరికి ఆగిపోతుంది. ద్రవ్యరాశి ఉన్నంత మాత్రాన ఏ కణమూ ఆగిపోదు. న్యూటన్ మొదటి నియమం మీకు తెలిసిందే.

మరో పొరపాటు మాట: లోకంలోని బరువంతా హిగ్స్ క్షేత్రం ఇచ్చిందే అనడం. మీ బరువు 40 కిలోలనుకుంటే, అందులో హిగ్స్ క్షేత్రం వంతు అర కిలో కూడా ఉండదు. మన బరువు దాదాపు అంతా ప్రోటాన్లు, న్యూట్రాన్లలో ఉంది. వాటి లోపలి క్వార్కుల సొంత ద్రవ్యరాశి మొత్తంలో నూటికి ఒక పాలు మాత్రమే. మిగతా 99 పాళ్లు ఆ క్వార్కుల పరుగు, వాటిని కట్టి ఉంచే గ్లూఆన్ల శక్తి. శక్తే ద్రవ్యరాశి అయి తూగుతోంది. గ్లూఆన్లు కూడా పట్టిక దూతలే. వాటికి గుంజ లేదు, బరువూ లేదు.

అలాగని ఆ ఒక్క పాలును చిన్నచూపు చూడకూడదు. ఎలక్ట్రాను ద్రవ్యరాశి హిగ్స్ క్షేత్రంతో చుట్టరికం వల్ల వచ్చిందే. పరమాణువు వెడల్పు ఎలక్ట్రాను ద్రవ్యరాశికి విలోమంగా ఉంటుంది; అది సగమైతే పరమాణువులు రెండింతలవుతాయి. సున్నా అయితే పరమాణువే నిలవదు.

కోలారు గనికి మరొక్కసారి పోదాం. అన్ని పట్టికలూ నిజానికి ఒకే పెద్ద పట్టికలో భాగాలు కావచ్చునని 1974 నుంచి కొందరు వాదించారు. అదే నిజమైతే డబ్ల్యూ కంటే ఎన్నో కోట్ల రెట్లు బరువైన దూత ఒకటి ఉండాలి. దాని వల్ల ప్రోటాను కూడా ఎప్పుడో ఒకప్పుడు విచ్ఛిన్నం కావాలి. 1980లో కోలారు లోతుల్లో 140 టన్నుల ఇనుప పలకల పరికరం పెట్టి, భారత, జపాను శాస్త్రజ్ఞులు ప్రోటాను చావు కోసం కాచుకున్నారు. అలా కనిపించినవి కొన్ని దొరికాయని ప్రకటించారు కూడా. ఇంతకన్నా పెద్ద నీటితొట్ల ప్రయోగాలు అమెరికాలో, జపానులో జరిగాయి. వాటిలో ఒక్కటీ దొరకలేదు. ఇప్పటి లెక్క ప్రకారం ప్రోటాను ఆయుర్దాయం 1 పక్కన 34 సున్నాలు పెట్టినన్ని సంవత్సరాలకు పైమాటే. కోలారు గనులు 2001 ఫిబ్రవరిలో మూతపడ్డాయి.

కాని 1965లో అక్కడ పట్టుకున్నారే, గాలిలో పుట్టే న్యూట్రినోలు, వాటి కథ ఆగలేదు. 1998లో జపానులోని సూపర్ కమియొకాండే తొట్టిలో ఆ జాతి న్యూట్రినోలనే లెక్కపెట్టి, అవి దారిలో రకం మారుతున్నాయని కనిపెట్టారు. రకం మారాలంటే వాటికి ద్రవ్యరాశి ఉండి తీరాలి. ఉంది, ఎలక్ట్రాను ద్రవ్యరాశిలో పది లక్షవ వంతు కన్నా కూడా తక్కువ. అంత చిన్న బరువు హిగ్స్ గుంజ నీడ వల్లనే వచ్చిందా, లేక దానికి వేరే గుంజ ఉందా అన్నది ఇంకా తేలలేదు.